క్యూబా చుట్ట

సంజీవరావుకి ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ అని తేలినప్పట్నుంచి, కబురు విన్నవాళ్ళందరూ అతన్ని ఒకే మాట అడిగారు. మొదట డాక్టరు అడిగాడు, అది ఆయన పని. తర్వాత స్కానింగ్ గదిలో ఫిలిప్పీనో అమ్మాయి అడిగింది. ఆఫీసులో హెచ్చార్ మేనేజరు, నరసాపురం నుంచి ఫోన్ చేసిన తమ్ముడు సుబ్బారావు, చర్చిలో పాస్టరు గారు, పై అంతస్తులో ఉండే మలయాళీ ఆయన, అందరూ కాస్త గొంతు తగ్గించి, "సిగరెట్లు తాగేవారా?" అన్నారు.

లేదనే చెప్పేవాడు. అది నిజం కూడా. దోహాకి వచ్చిన కొత్తలో క్యాంపు గదిలో చుట్టూ అందరూ తాగుతున్నా అతను ఒక్కటీ ముట్టలేదు. ఊళ్ళో తాత చుట్టలు తాగేవాడు గానీ, తండ్రి క్రీస్తులో రక్షణ పొందాక ఆ వాసన గుమ్మం దాటి లోపలికి రానివ్వలేదు. అలాంటి ఇంట్లో పెరిగినవాడు.

లేదనగానే అవతలివాళ్ళ మొహం కొంచెం మారేది. మొదట్లో అది జాలి అనుకున్నాడు. కొన్నాళ్ళకి కాదని అర్థమైంది. "పోనీ పక్కన ఎవరైనా తాగేవారా?" అని మళ్ళీ అడిగేవారు. "చిన్నప్పుడు సరదాకి?" అనేవారు. అతను తల అడ్డంగా ఊపినప్పుడల్లా వాళ్ళు దిగులుగా లేచి వెళ్ళేవారు. వాళ్ళు అడుగుతున్నది తన గురించి కాదని, తాము క్షేమంగా ఉన్నామో లేదో తెలుసుకోవడానికని సంజీవరావుకి తెలిసిపోయింది. వాళ్ళని తప్పు పట్టలేదు. కానీ విసుగొచ్చేసింది.

అతని భార్య సుకుమారి అబూ హమూర్‌లో ఒక స్కూల్లో చిన్నపిల్లల క్లాసులో సహాయకురాలు. కూతురు మోనికా పన్నెండో తరగతి. అదే అబూ హమూర్‌లో రెండు గదుల ఫ్లాటు. అతను ఒక కాంట్రాక్టు కంపెనీలో డ్రాయింగులూ ఉత్తరాలూ భద్రపరిచే డాక్యుమెంట్ కంట్రోలరు. జబ్బు వచ్చాక కంపెనీ వాళ్ళు మంచితనంగానే ఉన్నారు. ఆసుపత్రికి వెళ్ళే రోజుల్లో కారూ, డ్రైవరు హన్మాండ్లునీ ఇచ్చేవారు. హన్మాండ్లుది జగిత్యాల దగ్గర పల్లెటూరు. వచ్చి చాలా ఏళ్ళయింది, ముందు సైట్లో మేస్త్రీ కింద పనిచేసి, తర్వాత లైసెన్సు తీసుకుని డ్రైవరయ్యాడు.

ఎండలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఒక మధ్యాహ్నం, రక్తం పరీక్షకి ఇచ్చి కారెక్కాక సంజీవరావు ఇంటికి పొమ్మనలేదు. వెస్ట్ బేలో ఒక పెద్ద హోటల్ పేరు చెప్పాడు.

"ఆడ ఎవలన్న కలిసేదున్నదా సారు?" అన్నాడు హన్మాండ్లు.

"చిన్న పనుంది. పావుగంట."

"గట్లనే. జర జల్దీ రండ్రి. అల్ ఖోర్ల సైట్ ఆఫీసుకు కాయిదాలు ఇచ్చేదున్నది నాకు."

హోటల్ కింది అంతస్తులో సిగార్ల దుకాణం. కంపెనీ విందుకి ఒకసారి వచ్చినప్పుడు అద్దాల వెనక దాన్ని చూశాడు. అప్పుడు చూసి నవ్వుకున్నాడు కూడా. ఇప్పుడు తలుపు తోసుకుని లోపలికి వెళ్తే చల్లగా, తేమగా, కొత్త చెక్క బీరువా వాసన వేసింది. గోడల నిండా చెక్కపెట్టెలు. కౌంటరు దగ్గర నడివయసు మనిషి ఇంగ్లీషులో పలకరించి, ఇతని మాట యాస వినగానే, "తెలుగా సార్?" అన్నాడు. అతని పేరు నిసార్ అహ్మద్, ఊరు బోధన్.

"గిఫ్టా సార్, మీకేనా?"

"నాకే."

"ఏం తాగుతరు మామూలుగా?"

"ఏమీ తాగను. ఇదే మొదలు."

నిసార్ అహ్మద్‌కి ఇలాంటివాళ్ళు కొత్త కాదు. బాసు తాగుతున్నాడని తామూ మొదలుపెట్టేవాళ్ళు, కొడుకు పుట్టాడని ఒక్కటి కొనుక్కుపోయేవాళ్ళు వస్తూనే ఉంటారు. సంజీవరావుని లోపలి గదిలోకి తీసుకెళ్ళి ఒక్కో పెట్టె మూత తెరిచాడు.

"క్యూబాదే కావాల్నా సార్? కొత్తోళ్ళకు వేరే దేశాలవి కూడ మంచియి ఉంటయి. జర మెత్తగ ఉంటయి."

"క్యూబాదే ఇవ్వండి. మంచిదంటారుగా."

"మంచిదే. కాని అందులో గట్టియి ఉన్నయి, మెత్తటియి ఉన్నయి." పొడుగ్గా, నల్లగా ఉన్నదాని వైపు సంజీవరావు చెయ్యి చాస్తే అతను పెట్టె పక్కకి జరిపాడు. "అది వద్దు సార్. చూస్తందుకు బాగుంటది. ఒక గంటన్నర కాలుతది. సగంకాడికొచ్చేటాలకు మీకు తల తిరుగుతది, కక్కొస్తది. మల్ల జిందగీల ముట్టరు." లేత గోధుమరంగు ఆకు చుట్టిన పొట్టి సిగార్ల పెట్టె తీశాడు. "హోయో అంటరు దీన్ని. పొట్టిగుంటది, అరగంటల అయిపోతది. నోట్లె మంట పెట్టదు."

ఒకటి తీసి ఇచ్చి, వేళ్ళతో మెల్లగా నొక్కి చూడమన్నాడు. మరీ గట్టిగా ఉంటే పొగ లాగడానికి రాదట. చిటపటమని చప్పుడైతే ఎండిపోయినట్టట. సంజీవరావు నొక్కి చూశాడు, అతనికేమీ తెలియలేదు. వాసన చూశాడు. ఎండుగడ్డి వాసనలా ఉంది. అప్పుడే దగ్గు వచ్చింది. అది అతని మామూలు దగ్గే, లోపల్నుంచి తవ్వినట్టు వచ్చి, వంగిపోయేదాకా వదలదు. తేరుకుని చూసేసరికి నిసార్ అహ్మద్ చేతిలో మంచినీళ్ళ సీసా ఉంది. అతని చూపు సంజీవరావు మోచేతి మీదున్న దూది పట్టీ మీద ఉంది.

"తబియత్ బాగలేదా సార్?"

డస్ట్ ఎలర్జీ అని చెబుదామనుకున్నాడు. ఆఫీసులో కొత్తవాళ్ళకి అలాగే చెప్పేవాడు. నోరు తెరిచాక వేరే మాట వచ్చింది.

"క్యాన్సర్. ఊపిరితిత్తులు."

నిసార్ అహ్మద్ పెట్టె మూసేశాడు. "అయితే నేను అమ్మను సార్. మాఫ్ చేయాలె."

"మీరు అమ్మకపోతే ఎయిర్‌పోర్టులో కొంటాను."

"కొనుక్కోండ్రి. నా చేత్తోటి ఇయ్య."

సంజీవరావు అక్కడున్న స్టూలు మీద కూర్చున్నాడు. ఎవరితోనూ చెప్పని మాట, ఊరూ పేరూ అప్పుడే తెలిసిన మనిషితో చెప్పాడు. "ఎండాకాలం నుంచీ అందరూ అడుగుతున్నారు, తాగేవాడివా అని. లేదు, లేదు అని చెప్పి చెప్పి నోరు నొప్పెడుతోంది. నా మాట విని ఎవరూ సంతోషపడటం లేదు. ఒక్కసారి అవునని చెప్పాలనుంది. అబద్ధం ఆడటం ఎందుకు, ఒకటి తాగేసి చెబుదామని వచ్చాను. తగ్గుతుందని కాదు, చస్తానని కూడా కాదు. ఇదొక్కటి వల్ల ఇప్పుడు కొత్తగా అయ్యేదేం లేదని డాక్టరు రిపోర్టే చెప్తోంది."

బయట ఎవరో కస్టమరు వచ్చి చూసి వెళ్ళిపోయాడు. తర్వాత నిసార్ అహ్మద్ ఆ పెట్టె మళ్ళీ తెరిచాడు. ఒకటి తీసి చూసి పక్కన పెట్టాడు, ఇంకోటి తీశాడు, దాన్నీ పెట్టేశాడు. చివరికి ఒకటి ఎంచి, తనే చివర కోసి, కాగితంలో చుట్టి ఇచ్చాడు.

"పొగ లోపలికి తీయద్దు సార్. నోట్లెనే ఉంచి ఇడ్చిపెట్టున్రి. ఖాళీ కడుపుతోటి తాగద్దు. తియ్యటి చాయ్ దగ్గర పెట్టుకోన్రి. నిమిషానికొక్కసారే గుంజున్రి, గాబర పడద్దు. చాలనిపిస్తే పక్కన పెట్టున్రి, దానంతట అదే ఆరిపోతది." తలుపుదాకా వచ్చి, "ఇంట్ల చెప్పిన్రా?" అన్నాడు.

"లేదు."

"చెప్పాల్సింది సార్," అన్నాడు నిసార్ అహ్మద్.

*

హన్మాండ్లు ఇంటివైపు తిప్పబోతే సంజీవరావు తనూ అల్ ఖోర్ వస్తానన్నాడు. సుకుమారి స్కూల్లో మీటింగు ఉందంది, సాయంత్రం దాకా రాదు. మోనికాకి ట్యూషను. దారి పొడుగునా ఇసుక, మధ్యలో కరెంటు స్తంభాలు. సైట్ ఆఫీసులో కాగితాలు ఇచ్చేసి, సముద్రం ఒడ్డున రోడ్డు పక్క కారు ఆపించి, రెండు కరక్ చాయ్‌లు తెప్పించాడు. బెంచీ మీద కూర్చుని కాగితం విప్పితే హన్మాండ్లు చూసి నివ్వెరపోయాడు.

"ఏంది సారు ఇది?"

"చుట్ట. క్యూబాది."

"మీకు పడదు గద సారు."

"ఎవరికైనా పడదుగా. పట్టుకో కాస్త, గాలికి అంటుకోవడం లేదు."

హన్మాండ్లు కాసేపు తటపటాయించాడు. తర్వాత ఎదురుగా కూర్చుని రెండు చేతులూ దొన్నెలా పట్టాడు. అగ్గిపుల్లలు ఒకటొకటే ఆరిపోయాయి. ఆఖరికి ఎర్రగా అంటుకుంది. సంజీవరావు నోటినిండా పొగ పట్టి, దుకాణంలో చెప్పినట్టే లోపలికి తీయకుండా వదిలేశాడు. చేదుగా ఉంది. తర్వాత కొంచెం తియ్యగా, కట్టెల పొయ్యి మీద మాడిన పాల వాసనలా అనిపించింది. ఇంకోసారి లాగాడు. చిన్నప్పట్నుంచి తండ్రి చెప్పిన పాపం ఇంతేనా అనుకున్నాడు. ఏమీ కాలేదు. సముద్రం అలాగే ఉంది. నవ్వొచ్చింది గానీ, నవ్వితే దగ్గొస్తుందని ఆపుకున్నాడు.

"ఎట్లున్నది సారు?"

"ఏముంది. పొగ."

హన్మాండ్లు చాయ్ కప్పు చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. "నా భార్య ముత్తవ్వ బీడీలు చేస్తది సారు. పెండ్లి కాకముందు సంది చేస్తున్నది. ఇంటినిండ తంబాకు దుమ్మే. ఒక్క బీడి నోట్లె పెట్టుకోలే జిందగీల. ఇప్పుడు తెల్లందాక దగ్గుతది. దవఖానకు పోవే అంటె పోదు. పోతె ఏం చెప్తరో అని బుగులు." ఆగి, "నన్ను ఎవ్వలు అడగరు, నీ భార్యకెందుకచ్చిందిరా దగ్గు అని. అందరికి ఎరికే," అన్నాడు.

"మందులేమైనా కావాలంటే చెప్పు, నా డాక్టర్ని అడుగుతాను," అన్నాడు సంజీవరావు. హన్మాండ్లు తల ఊపాడు.

అప్పుడే వెనకనుంచి, "వందనాలు అన్నా," అని వినిపించింది.

జెర్రీ, అతని భార్య మరీహా. జెర్రీ అల్ ఖోర్‌లోనే గ్యాస్ ప్లాంటులో సూపర్‌వైజరు, కంపెనీ క్వార్టర్సులో ఉంటారు. ప్రతి శుక్రవారం దోహా వచ్చి తెలుగు క్రైస్తవ సహవాసంలో పాటలు పాడించేది అతనే. సంజీవరావు కోసం ఉపవాస ప్రార్థనలు మొదలుపెట్టిందీ అతనే. ఇద్దరూ సాయంత్రం నడకకి వచ్చారు. జెర్రీ కళ్ళు సంజీవరావు వేళ్ళ మధ్య ఆగిపోయాయి. మరీహా చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

సంజీవరావు దాన్ని దాచలేదు. దాచే టైము కూడా లేదు.

"ఎప్పట్నుంచి అన్నా?" అన్నాడు జెర్రీ మెల్లగా.

ఇదే మొదటిదని చెప్పొచ్చు. పక్కన సాక్షిగా హన్మాండ్లు ఉన్నాడు. కానీ జెర్రీ మొహంలో, ఇన్నాళ్ళూ అందరి మొహాల్లోనూ చూసిన ఆ ఎదురుచూపే కనిపించింది. అది చూసి సంజీవరావు, "చాలా కాలమైంది తమ్ముడూ," అన్నాడు.

జెర్రీ పెద్దగా ఊపిరి వదిలాడు. బాధపడ్డాడు, అది నటన కాదు, కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. కానీ భుజాలు మాత్రం దిగాయి. పక్కన మరీహా భర్త చెయ్యి పట్టుకుని నొక్కింది. ఇద్దరికీ ఒక బరువు తీరిందని సంజీవరావు స్పష్టంగా చూశాడు. జెర్రీ జీవితంలో సిగరెట్టు ముట్టినవాడు కాదు.

"దేవుడు క్షమిస్తాడన్నా. మేం ప్రార్థన ఆపం," అని వాళ్ళు వెళ్ళిపోయారు.

"ఎందుకట్ల చెప్పిన్రు సారు?" అన్నాడు హన్మాండ్లు. "ఇదే మొదలు అంటె అయిపోతుండె గద."

సంజీవరావు సిగారు ఇసుకలో పెట్టేశాడు. సగం కూడా కాలలేదు. తిరుగుదారిలో కారు ఆపించి రోడ్డు పక్కన వాంతి చేసుకున్నాడు. హన్మాండ్లు వీపు నిమురుతూ నిలబడ్డాడు. లారీలు దుమ్ము లేపుకుంటూ వెళ్తున్నాయి.

*

ఇంట్లో చెప్పాలనుకున్నాడు. గురువారం చెప్పలేదు. శుక్రవారం పొద్దున్న చర్చికి బయల్దేరుతున్నప్పుడు, సుకుమారి అతని చొక్కా గుండీలు పెడుతుంటే, ఇప్పుడెందుకులే వచ్చాక చెబుదాం అనుకున్నాడు.

ఆ రోజు పాస్టరు గారి ప్రార్థన మామూలుకంటే పొడుగ్గా సాగింది. స్వస్థత గురించి మాట్లాడుతూ, "మేము దాచుకున్న అలవాట్లనుంచి, మా శరీరాలను పాడుచేసుకున్న రహస్య పాపాలనుంచి మమ్మల్ని విడిపించు తండ్రీ," అన్నారు. చాలామంది ఆమెన్ అన్నారు. సుకుమారి కూడా అంది. తర్వాత స్త్రీలవైపు, చెప్పులు వేసుకునే చోట, మరీహా ఇంకొకావిడతో "అక్కకి తెలీదేమో పాపం" అనడం ఆమె చెవిన పడింది. ఏంటది అని సూటిగా అడిగింది. మరీహా మొదట దాటేసింది. తర్వాత ఆమె చెయ్యి పట్టుకుని అంతా చెప్పింది.

ఇంటికి వచ్చి, మోనికా తన గదిలోకి వెళ్ళాక, సుకుమారి పర్సు బల్లమీద పెట్టి నిలబడే అడిగింది.

"నిజమేనా?"

"ఒక్కటి. మొన్న బుధవారం. అదే మొదలు, అదే ఆఖరు."

"చాలా కాలం అని చెప్పారంటగా."

"చెప్పాను. కావాలనే అబద్ధం చెప్పాను."

అతను కారణం చెప్పాడు. దుకాణంలో చెప్పినంత తేలిగ్గా రాలేదు, మధ్యలో రెండుసార్లు దగ్గు వచ్చింది. సుకుమారి వింటూ కుర్చీలో కూర్చుంది.

"ఎంతమందితో చెప్పానండీ నేను," అంది. "స్కూల్లో, చర్చిలో, మీ తమ్ముడితో. మా ఆయన జన్మలో ముట్టలేదని. గట్టిగా చెప్పాను. ఇప్పుడు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తున్నారు."

"వాళ్ళకి ఏదో ఒకటి కావాలి సుకుమారీ. దొరికింది. ఇంక అడగరు."

"నన్నెవరడుగుతారు?" అంది సుకుమారి. "నన్ను అడగాల్సింది ఎవరూ అడగలేదు. శుక్రవారం శుక్రవారం చేపలు వండాక ఇల్లంతా బుఖూర్ సాంబ్రాణి పొగ పెట్టేదాన్ని కదా. ఏసీ కోసం కిటికీలన్నీ మూసేసి. సూక్ వాకిఫ్‌లో కొని తెచ్చి, బొగ్గులు రాజేసి. పొగ మీ మంచం దాకా వచ్చేది. బాగుంది అనేవారు మీరు. మీకీ జబ్బని చెప్పిన మర్నాడే ఆ కుంపటి తీసుకెళ్ళి వీధి చివర చెత్తడబ్బాలో పడేశాను. మోనికాకి కూడా చెప్పలేదు."

ఇన్ని నెలలుగా తన పక్కనే పడుకుని ఆమె ఇది మోస్తోందని సంజీవరావుకి తెలియలేదు. తనని అడిగిన ప్రశ్న ప్రతిసారీ పక్కనున్న ఆమెకి కూడా తగిలిందని ఇప్పుడు అర్థమైంది.

"దానివల్ల కాదు," అన్నాడు.

"మీకెలా తెలుసు?"

తెలియదు. అందుకే తర్వాతి వారం ఇద్దరూ కలిసి డాక్టర్ని అడిగారు. డాక్టరు ఓపిగ్గా విన్నాడు. ఫలానా దానివల్లే అని చెప్పలేమన్నాడు, పొగ తాగనివాళ్ళకీ వస్తుందన్నాడు, దుమ్మూ గాలీ వంశమూ ఎన్నో ఉంటాయన్నాడు. ఆమెని బాధపెట్టకుండా మాట్లాడటానికి ప్రయత్నించాడు. కానీ కాదు అన్న మాట మాత్రం ఆయన నోట్లోంచి రాలేదు. సుకుమారి ఆ ఒక్క మాట కోసమే వెళ్ళింది. బయటికి వచ్చి లిఫ్ట్ కోసం నిలబడి, "చెప్పలేదు చూశారా," అంది.

ఆ సాయంత్రమే సంజీవరావు జెర్రీకి ఫోన్ చేశాడు.

"తమ్ముడూ, ఆ రోజు నేను చెప్పింది అబద్ధం. అది మొదటి చుట్ట. నేను పొగ తాగేవాణ్ణి కాదు."

"సరే అన్నా," అన్నాడు జెర్రీ. చాలా మృదువుగా అన్నాడు, జ్వరంలో ఉన్నవాడితో మాట్లాడినట్టు. "మీరేం మనసులో పెట్టుకోకండి. మేం ఎవరికీ చెప్పం. మీ కోసం ప్రార్థిస్తూనే ఉన్నాం."

"నమ్మట్లేదా?"

"నమ్ముతున్నానన్నా."

ఫోన్ పెట్టేశాక మోనికా తలుపు దగ్గర నిలబడి ఉంది. అంతా వింది.

"డాడీ, నాకు మాత్రం నిజం చెప్పండి. నేనేం అనుకోను."

"నిజమే చెప్పానమ్మా. హన్మాండ్లుని అడుగు. ఆ ఒక్కటే."

"ఓకే డాడీ," అంది మోనికా. వచ్చి అతని పక్కన కూర్చుని భుజం మీద తల పెట్టుకుంది. ఆమె ఓకే అన్న తీరు, జెర్రీ సరే అన్న తీరు ఒకలాగే ఉన్నాయి. సంజీవరావు కూతురి తల నిమురుతూ, ఇంక ఎంత చెప్పినా ఎక్కువ చెప్పినట్టే అవుతుందని ఊరుకున్నాడు.

*

తర్వాత మనుషులు రావడం తగ్గింది. ఎవరూ కోపంగా లేరు. ఎదురుపడితే ఆప్యాయంగానే పలకరించేవారు. కానీ ఇదివరకు వచ్చి అతని మంచం పక్కన కూర్చుని, దేవా ఎందుకిలా చేశావు అని ఏడ్చినట్టు ఇప్పుడు ఎవరూ ఏడవలేదు. పాస్టరు గారు ఒకసారి వచ్చి, మనసులో ఏమైనా ఉంటే ఒప్పుకోమన్నారు. "ఒక అబద్ధం ఆడానయ్యగారూ," అన్నాడు సంజీవరావు. పాస్టరు గారు తృప్తిగా తల ఊపి ప్రార్థన చేశారు. ఏ అబద్ధమో అడగలేదు.

చలి మొదలయ్యేసరికి మాత్రలు పనిచేయడం మానేశాయి. ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీరు తీసిన ప్రతిసారీ మళ్ళీ పట్టేది. నరసాపురం వెళ్ళిపోదామని ఒకసారి అనుకున్నారు, మోనికా పరీక్షలయ్యాక అని ఆగారు. అంతకాలం లేదని ఇద్దరికీ తెలుసు. సుకుమారి స్కూలుకి సెలవు పెట్టింది. ఆమె ఆసుపత్రిలో కుర్చీ మంచానికి ఆనించుకుని కూర్చునేది. ఒక మధ్యాహ్నం అతను కళ్ళు తెరిచి, "బుఖూర్ వాసన నాకు ఇష్టమే," అన్నాడు. ఆమెని ఊరడించడానికే అన్నాడు. సుకుమారి మొహం తిప్పుకుంది. ఆ మాట అనకపోతే బాగుండేదని అతనికి వెంటనే అనిపించింది. వెనక్కి తీసుకోవడానికి కావలసిన ఊపిరి లేదు. ఆ తర్వాత వాళ్ళిద్దరూ మందుల గురించీ, మోనికా అన్నం తిన్నదా లేదా అన్నదాని గురించీ తప్ప వేరే మాట్లాడుకోలేదు.

ఫిబ్రవరిలో, పగటిపూట, నర్సు సెలైన్ మారుస్తుండగా అతను పోయాడు.

కంపెనీ వాళ్ళు కాగితాలన్నీ రెండు రోజుల్లో పూర్తి చేయించారు. మార్చురీ దగ్గరికి సహవాసం నుంచి జెర్రీ, ఇంకొంతమంది వచ్చారు. జెర్రీ బాగా ప్రార్థన చేశాడు. మరీహా సుకుమారిని కౌగిలించుకోబోతే ఆమె చేతులు కదపలేదు, వద్దనీ అనలేదు. హన్మాండ్లు క్యాంపు నుంచి ఇద్దరు మనుషుల్ని తీసుకొచ్చి దూరంగా నిలబడ్డాడు. పెట్టె బండి ఎక్కించేటప్పుడు మాత్రం ముందుకొచ్చి ఒక మూల పట్టాడు. "అమ్మా, పైలం," అని సుకుమారితో అన్నాడు.

హైదరాబాద్ విమానంలో సుకుమారికి నడవ పక్క సీటు, మోనికాకి కిటికీ పక్క సీటు వచ్చాయి. సంజీవరావు కింద సామాన్లతో ఉన్నాడు. మోనికా కళ్ళు మూసుకుంది గానీ నిద్రపోలేదు. ఎయిర్ హోస్టెస్ భోజనం తెచ్చింది. వద్దనబోయి సుకుమారి తీసుకుంది. మూత తీయగానే వేడి అన్నం, కోడికూర వాసన వచ్చింది. పొద్దుట్నుంచి ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. తినడం మొదలుపెట్టి అంతా తినేసింది. మోనికా తన పళ్ళెం ముట్టుకోలేదు. కాసేపు చూసి, దాన్ని కూడా తన ముందుకి జరుపుకుంది సుకుమారి. నడవకి అవతల కూర్చున్నాయన తనవైపు చూసినట్టనిపించి తల వంచుకుని తిన్నది.

హైదరాబాద్‌లో వాన పడుతోందని పైలట్ చెప్పాడు. నరసాపురం దాకా అంబులెన్సు మాట్లాడాడు మరిది సుబ్బారావు. ఆ డ్రైవరు నంబరు ఆమె దగ్గర లేదు. దిగగానే ఫోన్ చేసి అడగాలి.